నలుగురు స్నేహితులు కలిసి వెళ్తే స్లొవేనియాకే వెళ్లండి

పదిరోజుల సెలవు దొరికితే మనవాళ్లు వేసే యూరప్ ప్లాను దాదాపు ఒకేలా ఉంటుంది. పారిస్‌లో దిగడం, స్విట్జర్లాండ్, మిలాన్, వెనిస్, రోమ్, వీలైతే తిరుగుదారిలో ఆమ్‌స్టర్‌డామ్. స్నేహితులతో వెళ్లేవాళ్లకు ఇది పనికిరాని ప్లాను అని నా గట్టి అభిప్రాయం. ఊరు మారే రోజు ఏం జరుగుతుందో చూడండి. పదకొండింటికల్లా గది ఖాళీ చేయాలి. కొత్త ఊళ్లో మూడు కొడితే గానీ తాళం ఇవ్వరు. ఆ మధ్య గంటలన్నీ రైలు, పెట్టెలు, స్టేషన్ లాకరు, ఒకరి ఆకలి, ఇంకొకరి నిద్ర. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. ఒక్కరే వెళ్తే అది భరించవచ్చు. నలుగురైతే ఆ సగం రోజులోనే గొడవలు మొదలవుతాయి.

స్నేహితుల ప్రయాణానికి కావలసింది పేరున్న ఊళ్లు కాదు, తక్కువ దూరాలు. పొద్దున కొండెక్కాలనేవాడు, నీళ్లలో దిగాలనేవాడు, కాఫీ కప్పు ముందు పెట్టుకుని పాత వీధిలో కూర్చోవాలనేవాడు ఒకే జట్టులో ఉంటారు. ఎవరి కోరిక తీరాలన్నా మిగతావాళ్లు రోజంతా త్యాగం చేయాల్సిన పని ఉండకూడదు. అలాంటి చోటు యూరప్‌లో నాకు తెలిసి, ఇటలీని ఆనుకుని ఉన్న స్లొవేనియాను మించింది లేదు. మొత్తం దేశం 20,271 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో ఐదో వంతు కూడా లేదు. వాయవ్యాన 2,864 మీటర్ల త్రిగ్లావ్ శిఖరం ఉన్న జూలియన్ ఆల్ప్స్, నైరుతిన 47 కిలోమీటర్ల లోపే ఉన్న చిన్న ఏడ్రియాటిక్ తీరం, మధ్యలో గుహలతో నిండిన సున్నపురాతి పీఠభూమి, లియుబ్లియానా లాంటి నడిచి తిరగదగ్గ రాజధాని. పొద్దున కొండమీద చలికోటు వేసుకుని, సాయంత్రం సముద్రంలో ఈదడం ఇక్కడ నిజంగా కుదురుతుంది.

తొమ్మిది రాత్రులకు నేను చెప్పే పంపకం ఇది: లియుబ్లియానాలో రెండు, బోహిన్ సరస్సు దగ్గర మూడు, సోచా లోయలోని బొవెట్స్‌లో రెండు, సముద్రపు ఒడ్డున పిరాన్‌లో రెండు. ఊరు మారే రోజులున్నా అవి పాడుకావు. ఒక చోటు నుంచి ఇంకో చోటికి కారులో మూడు గంటలు మించదు, పైగా ఆ దారే చూడాల్సిన చోటు.

నెల విషయంలో నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. మన వేసవి సెలవులు, అంటే ఏప్రిల్, మే ఈ ప్రయాణానికి పనికిరావు. ఎత్తైన కనుమల మీద ఇంకా మంచు ఉంటుంది, సముద్రం చల్లగా ఉంటుంది, కొండమీది వసతి గుడిసెలు సాధారణంగా జూన్ చివర తెరిచి సెప్టెంబరు చివర మూస్తారు. జూలై, ఆగస్టుల్లో అన్నీ తెరిచే ఉంటాయి గానీ పార్కింగ్ దొరకదు, మధ్యాహ్నాలు పిడుగుల వానలు. సెప్టెంబరు మొదటి సగం అన్నిటికన్నా మేలు. ఎండాకాలమంతా కాగిన సముద్రం అప్పటికింకా వెచ్చగానే ఉంటుంది, పైన దారులు తెరిచే ఉంటాయి, ఐరోపా పిల్లలకు బడులు మొదలై జనం పలచబడతారు.

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వెనిస్ చేరి, అక్కడ కారు తీసుకోవడం సులువైన దారి. వెనిస్ విమానాశ్రయం నుంచి లియుబ్లియానా సుమారు 240 కిలోమీటర్లు. వెనిస్‌లో దిగుతున్నాం కదా అని ఇటలీ వీసాకు పెట్టకూడదు. ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి షెంగెన్, దాని నియమం ప్రకారం ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల కన్నా ఆలస్యం చేయకూడదు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. జట్టుగా వెళ్లేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. అపార్ట్‌మెంటు ఒకరి పేరు మీద బుక్ చేస్తారు, మిగతా ముగ్గురి కాగితాల్లో బస ఎక్కడో తెలిపే రుజువే ఉండదు. బుకింగ్ కాగితం మీద నలుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే పడేలా ఇంటివాళ్లను అడిగి రాయించుకోండి. నలుగురి వీసాలూ చేతికొచ్చేదాకా రద్దు చేసుకోగలిగిన బుకింగులే చేయండి. ఒకరికి వీసా రాకపోతే అద్దె ముగ్గురి మీద పడుతుంది. ఆ మాట ముందే అనుకుని ఉంటే స్నేహం నిలుస్తుంది.

బీమా కాగితంలో ఇంకో వరస చదవాలి. చాలా పాలసీలు రాఫ్టింగ్‌నీ, ఒక ఎత్తు దాటిన ట్రెక్కింగ్‌నీ మినహాయిస్తాయి. సోచాలో పడవ ఎక్కేవాళ్లు దానికి విడిగా అదనపు కవరేజీ తీసుకోవాలి.

ఇక కారు. ఈ ప్రయాణం బాగుండటం, పాడవటం సగం దీని మీదే ఆధారపడి ఉంది. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ సైజు కారు డిక్కీ 380 లీటర్లు. పెద్ద సూట్‌కేసు ఒక్కోటీ వంద లీటర్ల దాకా ఉంటుంది. నాలుగు పట్టవు, నాలుగోది వెనక సీట్లో ఎవరి ఒళ్లోనో కూర్చుంటుంది. స్టేషన్ వాగన్ తీసుకోండి, లేదా మనిషికి ఒక క్యాబిన్ పెట్టె, ఒక వీపు సంచి అని గీత గీయండి. నేనైతే రెండూ చేయమంటాను. డిక్కీలో సామాను బయటికి కనబడకుండా ఉంటేనే దారిలో ఒక ఊళ్లో ఆగి భోంచేయగలరు. ఆటోమేటిక్ గేరు బళ్లు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. డిపాజిట్ సొమ్మును డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డు మీదే ఆపి ఉంచుతారు. స్నేహితుడి కార్డు చెల్లదు, డెబిట్ కార్డు ఎక్కువచోట్ల ఒప్పుకోరు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీవో ఇస్తుంది. ఫారం 4ఎ, వెయ్యి రూపాయల ఫీజు, ఏడాది చెల్లుబాటు. దానితోపాటు అసలు లైసెన్సు కూడా దగ్గరుండాలి. ఇద్దరి పేర్ల మీద డ్రైవింగ్ రాయించుకుంటే అదనపు ఖర్చు అవుతుంది గానీ అది వృథా కాదు.

కౌంటర్లో స్లొవేనియా వెళ్తున్నామని చెప్పి సరిహద్దు దాటే అనుమతి రాయించుకోవాలి. ఇటలీ బండికి స్లొవేనియా రహదారి పన్ను కట్టి ఉండదు. ఆ దేశపు మోటారు దారుల మీద టోల్ గేట్లు ఉండవు, బండి నంబరు మీద ఎలక్ట్రానిక్ విన్యెట్, అంటే ఆ పన్ను కట్టినట్టు చూపే చీటీ, కొనుక్కోవాలి. 2025లో మామూలు కారుకు వారానికి 16, నెలకు 32 యూరోలు. పార్కింగ్ స్థలం దాటకముందే ఫోనులో కొనేయండి. నంబరులో సున్నాకీ ఓ అక్షరానికీ తేడా చూసుకోండి, బండి రిజిస్టరైన దేశం ఇటలీ అని ఎంచుకోండి. అవి తప్పితే కట్టినట్టు కాదు, జరిమానా 300 యూరోల నుంచి మొదలు. ఇటలీ వైపు మాత్రం గేటు దగ్గర టికెట్ తీసుకుని దిగేచోట డబ్బు కట్టే పద్ధతి.

మనవాళ్లు అక్కడ నడిపేటప్పుడు వచ్చే పొరపాటుకు కారణం తెలిస్తే సరిదిద్దుకోవడం తేలిక. ఇక్కడ మనం కుడి సీట్లో కూర్చుంటాం, బండి అంతా మన ఎడమ పక్కన ఉంటుంది. అక్కడ ఎడమ సీట్లో కూర్చున్నా చెయ్యి పాత కొలతలోనే ఉంటుంది, కుడి పక్కన ఉన్న బండి వెడల్పు లెక్కలోకి రాదు. అందుకే బండి కుడి అంచుకు జారుతుంది, కుడి చక్రం గట్టుకు గీసుకుంటుంది. మొదటి రెండు రోజులు పక్క సీట్లో కూర్చున్నవాడి పని పాటలు పెట్టడం కాదు, కుడి అంచు చూడటం. పగలు కూడా హెడ్‌లైట్లు వేసే ఉంచాలి. ఊళ్లలో 50, ఊరి బయట 90, మోటారు దారి మీద 130 వేగ పరిమితి.

లియుబ్లియానా గురించి ఎక్కువ చెప్పను, దిగిన రోజు నిద్ర తీరడానికి దానికన్నా మంచి ఊరు లేదు. పాత పట్నం నడిబొడ్డును 2007 నుంచి కార్లకు మూసేశారు. నది ఒడ్డున నడుస్తూ పోతే మూడు వంతెనలు పక్కపక్కనే కలిసే చోటు, అంగడి వెంట స్తంభాల వరస కనిపిస్తాయి. ఇవన్నీ వాస్తుశిల్పి యోజే ప్లెచ్నిక్ చేతి పని. ఆయన ఈ ఊళ్లో చేసిన పనిని 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. 1901 నాటి డ్రాగన్ వంతెన ఆయనది కాదు, అయినా చూసి తీరాలి. మార్చి మధ్య నుంచి అక్టోబరు దాకా, వాన లేని శుక్రవారాల్లో అంగడి పక్క చౌకులో వంటగాళ్లు పొయ్యిలు పెట్టి వండి వడ్డిస్తారు. నలుగురూ నాలుగు రకాలు కొని పంచుకుంటే ఆ ఊరి తిండి ఒక్క పూటలో తెలిసిపోతుంది. మీరు చేరేది శుక్రవారం అయ్యేలా చూసుకోండి.

అక్కడి నుంచి కొండల వైపు వెళ్తూ స్కోఫ్యా లోకాలో రెండు గంటలు ఆగండి. 973లో చక్రవర్తి రెండో ఒట్టో ఈ నేలను ఫ్రైసింగ్ బిషప్పులకు ఇచ్చాడు, 1803 దాకా వాళ్లదే. ఊరి మొదట్లోని రాతి కమాను వంతెనను కట్టించిన బిషప్పే, దానికి అప్పట్లో పిట్టగోడ లేక, గుర్రంతో సహా ఏట్లో పడి పోయాడని చెబుతారు. పేరున్న సరస్సు ఊరు బ్లెడ్‌కు పోటెత్తే బస్సులు చాలావరకు ఈ ఊరివైపు తిరగవు.

బ్లెడ్‌ను వద్దనను. సరస్సు చుట్టూ ఆరు కిలోమీటర్ల నడక, నడుమ దీవి, గుడికి 99 మెట్లు, కొండ కొమ్ము మీద కోట. పొద్దున ఏడింటికి వెళ్లి చుట్టూ నడిచి, అక్కడి ప్రసిద్ధమైన మీగడ కేకు తిని పదింటికల్లా బయటపడండి. ఆ కేకును ఇప్పటి తీరులో 1953 నుంచి అక్కడి పార్క్ హోటల్లో చేస్తున్నారు. ఏడు సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి ఇద్దరికి సరిపోతుంది. రాత్రి బస మాత్రం 26 కిలోమీటర్ల అవతల బోహిన్‌లోనే. నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ సరస్సు ఒడ్డున భవనాలు చాలా తక్కువ, చుట్టూ త్రిగ్లావ్ జాతీయవనం, ఎక్కడైనా నీళ్లలో దిగవచ్చు. స్నేహితుల జట్టుకు ఇది ఎందుకు నప్పుతుందంటే ఒకే లోయలో అందరి ఓపికకూ తగ్గ దారులున్నాయి. నడవలేనివాళ్లకు వోగెల్ కేబుల్ కారు ఉంది, 1,535 మీటర్ల ఎత్తున దింపుతుంది. కొద్దిగా నడుస్తామనేవాళ్లకు మోస్ట్‌నిత్సా ఇరుకు లోయ. బాగా నడుస్తామనేవాళ్లకు ప్లానినా బ్లాటో దాకా కారులో వెళ్లి, అక్కడి నుంచి సుమారు గంటన్నర ఎక్కితే 1,453 మీటర్ల దగ్గర చెరువు పక్క పశువుల మేత మైదానం, వసతి గుడిసె, వేడి సూపు.

కొండదారుల గుర్తు ఎర్రని వలయంలో తెల్లని చుక్క. చెట్ల మీద, రాళ్ల మీద వేసి ఉంటుంది. పది నిమిషాలు నడిచినా ఒక్కటీ కనబడలేదంటే దారి తప్పినట్టే, చివరి గుర్తు దాకా వెనక్కి రావాలి. బోర్డుల మీద కిలోమీటర్లు ఉండవు, గంటలుంటాయి. అవి అలవాటున్నవాళ్ల గంటలు. మనం సగం కలుపుకోవాలి. దారులకు మూడు తరగతులు: తేలిక, కష్టం, చాలా కష్టం. మూడో రకంలో ఇనుప తాళ్లు, మేకులు పట్టుకుని ఎక్కాలి, హెల్మెట్ ఉండాలి. సావిత్సా జలపాతం దగ్గర నుంచి కొమార్చా గోడ మీదుగా ఏడు సరస్సుల లోయకు పోయే దారి పటం మీద పొట్టిగా కనిపిస్తుంది గానీ అలవాటు లేని కాళ్లకు అది వద్దు. సున్నపురాతి కొండలు కనక వాన నీరంతా పగుళ్లలో ఇంకిపోతుంది, పైన ఊటలు దొరకవు. మనిషికి రెండు లీటర్లు కింది నుంచే మోయాలి. వేసవిలో ఒంటిగంట దాటాక గట్టుమీద ఉండకుండా పొద్దున ఆరింటికే బయల్దేరాలి. లోయ తడిగాలి మధ్యాహ్నానికి పైకెగసి ఉరుముల మేఘాలవుతుంది. నలుగురి నడక వేగాలు వేరువేరుగా ఉంటే, అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లే ముందుండాలి. సాయానికి నంబరు 112.

బోహిన్ నుంచి బొవెట్స్‌కు రెండు దారులు. ఒకటి వ్రిషిచ్ కనుమ, 1,611 మీటర్లు, యాభై హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కేటప్పుడు 24, త్రెంతా వైపు దిగేటప్పుడు 26. ప్రతి మలుపుకీ నంబరు, ఎత్తు రాసి ఉంటాయి. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి ఉన్నట్టు ఇక్కడ లేదు. రెండూ ఒకటే దారి, పైగా సైకిళ్లు, మోటారు సైకిళ్లు. ఎక్కే వైపు మలుపుల్లో ఇప్పటికీ రాళ్లు పరిచి ఉన్నాయి, తడిస్తే జారతాయి. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి ఇంజనుతో వేగం తగ్గించండి. అదేపనిగా బ్రేకు తొక్కితే కాగిపోయి పట్టు తప్పుతుంది, ముందు మాడిన వాసన వస్తుంది. ఆ వాసన వస్తే ఆగి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. పొద్దున ఎనిమిదిలోపు పైకి చేరితే బండి పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. ఈ దారిని మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ యుద్ధఖైదీలతో వేయించారు. 1916 మార్చిలో మంచుచరియ విరిగిపడి వాళ్లలో చాలామంది పోయారు. వాళ్ల జ్ఞాపకంగా తోటి ఖైదీలు కట్టిన చెక్క గుడి దారి పక్కనే ఉంది. అక్కడ ఆగకుండా పోవద్దు.

రెండో దారి వాన రోజుకు. బోహిన్‌స్కా బిస్త్రిత్సా స్టేషన్లో కారును రైలు మీదికెక్కించి, కారులోనే కూర్చుని 6.3 కిలోమీటర్ల సొరంగం దాటవచ్చు. 1906లో తెరిచిన ఈ రైలు మార్గం మీదే, ఇంకా దిగువన సోల్కాన్ దగ్గర, 85 మీటర్ల విస్తృతి ఉన్న రాతి కమాను వంతెన ఉంది. రైలు వంతెనల్లో అంత పెద్ద రాతి కమాను ప్రపంచంలో ఇంకోటి లేదు. రైలు వేళలు ముందు రోజే చూసుకోండి.

సోచా నది రంగును ఫోటోలో చూసి నమ్మనివాళ్లు కూడా ఒడ్డున నిలబడితే నమ్ముతారు. పచ్చకీ నీలానికీ మధ్య రంగు అది. నీళ్లు నిండు వేసవిలోనూ ఎముకలు కొరికేంత చల్లన. రాఫ్టింగ్‌లో రబ్బరు సూటు, హెల్మెట్, లైఫ్ జాకెట్ వాళ్లే ఇస్తారు. తువ్వాలు, ఈత బట్టలు మనవి. కళ్లద్దాలకు వెనక తాడు కట్టుకోండి, ఫోను ఒడ్డునే వదలండి, ఈత రాకపోతే పడవెక్కకముందే గైడుకు చెప్పండి, దాచవద్దు. ఈత రానివాళ్లు ఒడ్డున ఉండిపోతామంటే బలవంతం చేయకుండా, కొబరీద్‌లోని యుద్ధ మ్యూజియంకు పంపండి. 1915 నుంచి 1917 దాకా ఈ నది వెంట ఇటలీకీ, ఆస్ట్రియా-హంగరీకీ మధ్య పన్నెండు పోరాటాలు జరిగాయి. ఇంత అందమైన లోయలో అంత చావు ఎలా జరిగిందో అక్కడి మంచు కొండల నమూనా ముందు నిలబడితే అర్థమవుతుంది.

సముద్రానికి వెళ్లేదారిలో ఒక గుహ చూడాలి. పొస్తోయ్నాలో చిన్న రైలెక్కి లోపలికి పోవచ్చు, 1872 నుంచి నడుస్తోంది. నా ఓటు మాత్రం ష్కోత్సియాన్‌కే. అక్కడ నేల కింద నది పారే లోయ ఉంది, దాని మీద ఎత్తైన వంతెన. 1986లో యునెస్కో గుర్తించింది. బయట ముప్ఫై డిగ్రీలున్నా లోపల పన్నెండే, స్వెట్టరు కావాలి.

పిరాన్ వెనిస్ ఏలుబడిలో 1283 నుంచి 1797 దాకా ఉన్న ఊరు. గంటగోపురం కూడా వెనిస్ గోపురానికి నకలు. చౌకు ఒకప్పుడు పడవల రేవు, 1894లో పూడ్చారు. అక్కడ నిలబెట్టిన విగ్రహం 1692లో ఈ ఊళ్లో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు జుసెప్పె తర్తీనిది. కార్లు లోపలికి రానివ్వరు. ఊరి బయటి ఫోర్నాచె గరాజులో పెట్టి, ఉచిత బస్సులో రావాలి. మేడ ఎన్నో అంతస్తో, లిఫ్టు ఉందో లేదో ముందే అడగండి. పాత ఇళ్లలో సాధారణంగా ఉండదు, రాళ్లు పరిచిన సందుల్లో పెట్టె చక్రాలు ఊడిపోతాయి. ఇసుక తీరం కోసం వెతక్కండి, ఇక్కడ కాంక్రీటు గట్టు మీది నుంచి నిచ్చెన పట్టుకుని లోతు నీళ్లలోకి దిగుతారు. రాళ్లమీద ముళ్ల జీవులుంటాయి, రబ్బరు చెప్పులు వేసుకోండి. ఇసుకే కావాలంటే పక్కనే పోర్తొరోష్ ఉంది.

పక్కనున్న సెచోవ్లియె ఉప్పుమడులు తప్పక చూడండి. మడి అడుగున సెంటీమీటరు మందాన నాచు, జిప్సం కలిసిన పొర పెంచుతారు, దాని పేరు పెతోలా. ఉప్పుకు బురద అంటకుండా అదే అడ్డు. అందుకే గీకిన ఉప్పు కడగకుండానే తెల్లగా ఉంటుంది. ఈ పొరను చెడకుండా ఏడాదంతా కాపాడటమే అసలు పనితనం.

తిండి మాటకొస్తే, మాంసం తిననివాళ్లు బ్రెజ్ మేసా అని చెబితే చాలు, మాంసం లేకుండా అని. గొడ్డు మాంసం గోవెదినా, పంది మాంసం స్వినీనా. యోతా అనే పుల్ల క్యాబేజీ, చిక్కుడు గింజల సూపు శాకాహారంలా కనబడుతుంది గానీ తరచూ పంది మాంసంతో మరిగిస్తారు, అడిగి తినాలి. జున్ను కూరిన ష్త్రుక్లి హాయిగా తినవచ్చు. కుళాయి నీళ్లు తాగవచ్చు. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లండి, అభ్యంతరం లేదు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు మాత్రం ఐరోపా సంఘంలోకి సామానులో తీసుకెళ్లకూడదు. ఆదివారాలు పెద్ద దుకాణాలు మూసే ఉంటాయి, శనివారమే బియ్యం, కూరలు కొనిపెట్టుకోండి.

ఖర్చులకు మొదటి రోజే తలా 150 యూరోలు ఒక పర్సులో వేసి, పెట్రోలు, పార్కింగ్, కూరలు, రాత్రికింత అని కట్టే పర్యాటక పన్ను దాంట్లోంచే ఇవ్వండి. హోటల్ తిండి ఎవరిది వాళ్లదే. మందు తాగనివాడి మీద తాగేవాడి బిల్లు పడటం కన్నా వేగంగా స్నేహాన్ని చెడగొట్టేది లేదు. ఇంకొకటి గట్టిగా చెబుతాను. రెండు రోజులకొక పూట జట్టు విడిపోవాలి. కలిసి వచ్చాం కాబట్టి కలిసే తిరగాలన్న పట్టుదల ఐదో రోజుకల్లా అందరినీ అలిసిపోయేలా చేస్తుంది. ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు పోయి రాత్రి భోజనానికి కలిస్తే, చెప్పుకోవడానికి మాటలుంటాయి.

తిరుగు ప్రయాణం శనివారం పెట్టుకోవద్దు. వేసవి అద్దె ఇళ్లన్నీ ఆ రోజే చేతులు మారతాయి, త్రియెస్తె నుంచి వెనిస్ దాకా దారి నిండిపోతుంది. మామూలుగా రెండున్నర గంటల దారికి నాలుగున్నర గంటలు ఉంచుకోండి. 2023 అక్టోబరు నుంచి ఇటలీ ఈ సరిహద్దులో తనిఖీలు మళ్లీ పెట్టింది, కాబట్టి పాస్‌పోర్టులు డిక్కీలో కాకుండా చేతికందేలా ఉండాలి. కారు అప్పగించే ముందు ట్యాంకు నింపి, రసీదు దాచి, నాలుగు వైపులా, నాలుగు చక్రాలకూ ఫోటోలు తీయండి. కుడి ముందు చక్రాన్ని మరింత దగ్గరగా తీయండి.